కొండ ఎవరికీ బొమ్మ నేర్పదు

చిత్రకారుల ఇంటర్వ్యూలు చదివేవాళ్ళకి ఒక మాట ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని అడగ్గానే "ప్రకృతే నా గురువు" అంటారు. వినడానికి బాగుంటుంది. ఎవరికీ బాకీ పడినట్టు ఉండదు. అడిగినవాడు కూడా తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాడు. కొండల్నీ నేలనీ నైరూప్యంగా వేసేవాళ్ళు, అంటే చెట్టు చెట్టులా రాయి రాయిలా కనబడాలని పట్టుబట్టనివాళ్ళు, ఈ మాట మరీ ఎక్కువగా అంటారు. నేనూ అలాంటి బొమ్మలే వేస్తాను. ఉండేది తిరుపతిలో, కిటికీ తీస్తే శేషాచలం. అందుకని నా తరఫున ఆ జవాబు ఎదుటివాళ్ళే చెప్పేస్తుంటారు: "మీకేం సార్, కొండే నేర్పించుంటుంది."

నేర్పించలేదు. కొండ ఎవరికీ ఏమీ నేర్పదు. ఈ ఊళ్ళో ఇంతమంది పుట్టిన దగ్గర్నుంచీ ఆ కొండనే చూస్తున్నారు. అది నేర్పేదే అయితే, ఫ్రాన్సులో తన ఊరి కొండని వేసి పేరుపడ్డ సెజాన్ లాంటి చిత్రకారుడు ఈపాటికి వీధికొకడు ఉండాలి. కొండని చూడటం చిత్రకారుడికి నేర్పేది ఇంకో చిత్రకారుడు, లేదా కవి, లేదా రాళ్ళు చదివినవాడు, లేదా గుడ్డకి రంగు అద్దేవాడు. మొత్తానికి ఎవరో ఒక మనిషి. ఆ మనుషుల పేర్లు దాచేసి ప్రకృతి పేరు చెప్పడం వినయంగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అది అప్పు ఎగ్గొట్టడమే.

బొమ్మలు వెయ్యనివాళ్ళ సంగతి చూసినా అంతే. తిరుపతిలో ఎవరినడిగినా ఆ కొండ పడుకున్న ఆదిశేషుడిలా ఉంటుందంటారు. ఏడు పడగలు, ఏడు కొండలు. ఇది కళ్ళు చెప్పిన మాట కాదు, పురాణం చెప్పిన మాట. 15వ శతాబ్దంలో అన్నమయ్య ఆ కొండనంతా వేల పడగలుగా చూపించాడు. ఆయన పాట విన్నవాళ్ళెవరూ ఆ తర్వాత పడగలు కనబడకుండా కొండని చూడలేకపోయారు. ఆపైన కేలండర్లు వచ్చాయి. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక దేవుడి పటాలు ఇంటింటికీ చేరడం మొదలైంది. తర్వాత్తర్వాత శివకాశి అచ్చులు అంతకు పదింతలు చేరాయి. కేలండర్లో కొండ ఎప్పుడూ పచ్చగా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అసలు కొండ ఏప్రిల్లో ఎండుగడ్డి రంగులో ఉంటుంది, పైభాగం కోసినట్టు నిట్టనిలువుగా ఉంటుంది. కళ్ళెదుట అది నిలబడి ఉండగానే, కొండ గీయమంటే పిల్లలు మూడు గుండ్రాలు గీసి ఆకుపచ్చ పూస్తారు. ఎవరి ప్రభావం ఎంత బలమైనదో తెలియడానికి అది చాలు.

ఒకసారి ఒక లాడ్జి యజమాని రిసెప్షన్ గోడకి పెద్ద బొమ్మ కావాలని వచ్చాడు. ఉన్నవాటిలో ఒకదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "కొండ బాగుందన్నా. గుడి యాడ?" అన్నాడు. గుడి వెయ్యలేదన్నాను. "చిన్న గోపురం ఒకటి ఆ మూలన పెట్టన్నా, ఇది ఏ కొండో జనానికి తెలియాల కదా" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు, ఆయన గోడకి కావలసింది అదే. కానీ బొటనవేలంత గోపురం పెట్టినా చూపు నేరుగా అక్కడికే పోతుంది, అంత కొండా దాని కింద పీట అయిపోతుంది. బేరం కుదరలేదు. బంగారంలాంటి బేరం పోగొట్టుకున్నావని ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఆ గోపురం వెయ్యకుండా ఉండే ధైర్యం నాకు సొంతంగా వచ్చింది కాదు. అది రామ్‌కుమార్ అనే చిత్రకారుడు ఇచ్చింది.

రామ్‌కుమార్ 1924లో సిమ్లాలో పుట్టాడు. ఢిల్లీలో ఎకనామిక్స్ చదివి, బ్యాంకులో చేరి, ఆ ఉద్యోగం వదిలేసి 1950 ప్రాంతంలో పారిస్ వెళ్ళి ఆంద్రే లోత్, ఫెర్నాండ్ లెజే అనే చిత్రకారుల దగ్గర నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక చాలా ఏళ్ళు ఆయన వేసింది మనుషుల్నే. పని దొరకని కుర్రాళ్ళు, ఇరుకు వీధుల్లో బిగుసుకుని నిలబడ్డ ఆడా మగా, ఒక్క ముఖంలోనూ నవ్వు ఉండదు. హిందీలో కథలు కూడా రాశాడు, వాటిలోనూ ఆ మనుషులే. 1960ల మొదట్లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌తో కలిసి బొమ్మలు వేయడానికి కాశీ వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆయన చిత్రాల్లో మనిషి మాయమైపోయాడు. అదీ కాశీలో! అడుగు తీసి అడుగు వెయ్యనివ్వనంత జనం ఉండే చోట! మెట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఇళ్ళు, బూడిద రంగు నది, అంతే. తర్వాత ఆ ఇళ్ళు కూడా పలకలుగా విడిపోయి, ఏది గోడో ఏది నేలో ఏది నీళ్ళో చెప్పలేని బొమ్మలయ్యాయి. 2018లో చనిపోయేదాకా ఆయన నడిచింది చాలావరకు ఆ దారినే.

ఆయన దగ్గర నేను తీసుకున్నది బూడిద రంగు కాదు. అంతకుముందు ముఖాల్లో ఉన్న దిగులు, ముఖాలు పోయాక గోడల్లోకి వెళ్ళింది. మనిషిని తీసేసినా మనిషి బాధ బొమ్మలో ఉండిపోతుందని అక్కడ చూశాను. అలాంటప్పుడు గోపురాన్ని తీసేస్తే కొండ మీది భక్తి మాత్రం ఎక్కడికి పోతుంది? అలిపిరి దగ్గర నిలబడి, చెప్పులు విడిచి, తలెత్తి పైకి చూసేవాళ్ళకి గుడి కనబడదు. కనబడేది రాయే. దండం పెట్టేది దానికే.

ఇంకో సంగతి. రామ్‌కుమార్ బొమ్మని నేను మొదట చూసింది ఒక పత్రికలో, అరచేతిలో ఇమిడిపోయేంత అచ్చులో. మా తరంలో ఈ ప్రాంతం నుంచి బొమ్మల్లోకి వచ్చినవాళ్ళలో చాలామంది ప్రపంచ చిత్రకళని ఆ సైజులోనే చూశారు. ఆ అచ్చులో అంతటా ఒక మురికి పసుపు ఉండేది. అసలు బొమ్మ ఎదుట నిలబడినప్పుడు ఆ పసుపు లేదు, దాని చోట చల్లటి నీలం కలిసిన బూడిద రంగు ఉంది. అంటే ఆ పసుపు చిత్రకారుడిది కాదు, ప్రెస్సువాళ్ళది. అయినా నా బొమ్మల్లో అది ఇప్పటికీ ఉంది, తీసేసే ఉద్దేశం కూడా లేదు. ప్రభావాల పట్టికలో ఇంకు సరిగ్గా కలపని ఆ మెషిన్‌మన్‌కీ చోటుండాలి.

గురుపరంపర అంటే సంగీతంలోనే అనుకుంటాం గానీ, ఈ వరస చూడండి. సెజాన్ బొమ్మల్ని చూసి చూసి తన పద్ధతి కట్టుకున్నవాడు ఆంద్రే లోత్. లోత్ దగ్గర కూర్చున్నాడు రామ్‌కుమార్. ఢిల్లీలో రామ్‌కుమార్ దగ్గర నేర్చుకున్నాడు మన తెలుగు చిత్రకారుడు సూర్యప్రకాశ్. 1940లో మధిరలో పుట్టి, హైదరాబాద్‌లో ఉండి, నీళ్ళనీ రాలిన ఆకుల్నీ వాటి నీడల్నీ జీవితమంతా వేసి 2019లో వెళ్ళిపోయాడు. ఫ్రాన్సులో ఒక కొండ దగ్గర మొదలైన చూపు తెలుగు నేల మీద నీటి మడుగు దాకా రావడానికి మధ్యలో ఇద్దరు మనుషులు సరిపోయారు. సూర్యప్రకాశ్ మడుగుల్ని చూసి "ప్రకృతి ప్రేమికుడు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళకి ఈ వరస చెప్పాలనిపిస్తుంది.

ఇక సెజాన్. ఏక్స్ అనే తన ఊరి పక్కనున్న సెయింట్ విక్టోయర్ కొండని ఆయన 1906లో చనిపోయేదాకా పదులసార్లు వేశాడని అందరూ చెబుతారు. ఆయనకి మారియన్ అనే స్నేహితుడు ఉండేవాడని తక్కువమంది చెబుతారు. మారియన్ భూగర్భ శాస్త్రం చదివినవాడు. నేల కింది పొరలు ఎలా ఏర్పడ్డాయో, ఏది ముందో ఏది వెనకో సెజాన్‌కి వివరించాడు. ఆ కొండ బొమ్మల్లో పైపై పచ్చదనం కంటే లోపలి ఎముకలు ఎక్కువ కనబడటానికి ఆ స్నేహం కూడా ఒక కారణమని నా నమ్మకం. ఇది తెలిశాక నాకు మన కొండ రాళ్ళ గురించి తెలుసుకోవాలనిపించింది. అంటే నన్ను నా ఇంటి ముందున్న కొండ దగ్గరికి పంపినవాడు ఏక్స్ వాడు.

తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకచోట, రోడ్డు కోసం కొట్టిన రాతిలో ఒక గీత కనబడుతుంది. బస్సులో వెళ్ళేవాళ్ళు గోవింద నామాల్లో ఉంటారు కాబట్టి దాన్ని పట్టించుకోరు. గీతకి కింద ఉన్నది గ్రానైట్, పైన ఉన్నది క్వార్ట్‌జైట్. కిందిది ఏర్పడి, ఎండకీ వానకీ అరిగి చదునైపోయాక, దాని మీద ఇసుక పొరలు పేరుకుని గట్టిపడి పైది అయింది. రెండింటి మధ్య తేడా దాదాపు 80 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు దాన్ని. దేశంలోని జాతీయ భూగర్భ స్మారకాల్లో అదొకటి. 80 కోట్ల ఏళ్ళ చరిత్ర అక్కడ లేదు, దాని బదులు ఒక గీత ఉంది. ఊళ్ళోంచి చూసినా ఆ తేడా తెలిసిపోతుంది: కింద ఏటవాలుగా, పొదలతో, మెత్తగా ఉండేది గ్రానైట్ అరిగిన నేల. దాని మీద గోడ కట్టినట్టు నిలబడి, సాయంత్రం ఎండకి ఎర్రబడేది క్వార్ట్‌జైట్. కార్తీకంలో వానలు పడితే ఆ గోడ మీద నల్లటి చారలు దిగుతాయి, రెండు రోజులు ఎండ కాస్తే మాయమవుతాయి.

నా బొమ్మల్లో మూడింట రెండొంతుల ఎత్తులో అడ్డంగా ఒక గీత ఉంటుంది. చూసినవాళ్ళు దాన్ని నేలా ఆకాశం కలిసేచోటు అనుకుంటారు. అనుకోనీ, గొడవేం లేదు. నాకు మాత్రం అది ఆ లేని కాలం. దాని పైభాగం రంగు పూసే నైఫ్‌తో మందంగా, పలకలు పలకలుగా పెడతాను. కిందిభాగం పాతగుడ్డతో రుద్ది పల్చగా ఉంచుతాను, కేన్వాస్ నేత కనబడేంత పల్చగా. రెండు రకాల రాయి, రెండు రకాల చెయ్యి. సెజాన్, మారియన్, భూగర్భ శాఖవాళ్ళు, ఘాట్ రోడ్డు కోసం రాయి కొట్టిన కూలీలు లేకపోతే ఈ గీత లేదు.

"ఇదంతా ఫారిన్ ప్రభావం కదా, మనదేముంది?" అనేవాళ్ళుంటారు. వాళ్ళని తృప్తిపరచడానికి మనవాళ్ళు ఒక సులువు పట్టారు. బొమ్మలో ఓ మూల కలంకారీ నెమలినో, కల్పవృక్షాన్నో అతికిస్తే స్థానికత వచ్చేసినట్టే! నాకది బొత్తిగా నచ్చదు. కలంకారీకి పేరుపడ్డ శ్రీకాళహస్తి ఇక్కడికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. కలంకారీ నుంచి తీసుకోవాలంటే నెమలిని కాదు, ఆ పనిలో ఉన్న ఓపికనీ రసాయనాన్నీ తీసుకోవాలి.

అక్కడి పని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. నూలు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు గీసుకుంటారు. వెదురు కలం మొన దగ్గర చుట్టిన ఉన్నిని వేళ్ళతో కాస్త నొక్కుతూ ఉంటే సిరా కిందికి దిగుతుంది. ఆ సిరా పేరు కసిమి: ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెట్టింది. కుండలో ఉన్నంతసేపూ అది నల్లసిరాలా కనబడదు. కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలాకే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎర్రగా రావలసిన చోట పూసేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్ళు. పూసినప్పుడు కంటికి పెద్దగా ఆనదు. తర్వాత ఎరుపునిచ్చే వేర్లూ చెక్కలూ వేసి గుడ్డని ఉడికిస్తే, పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. ఆ ఉతుక్కి పారే నీళ్ళు కావాలి కాబట్టి స్వర్ణముఖి ఒడ్డున ఈ పని పెరిగింది. ఇప్పుడు ఆ నదిలో పారే నీళ్ళు ఎన్ని నెలలుంటాయో ఆ ఊరివాళ్ళనే అడగాలి.

పని చేసేటప్పుడు కనబడని చోట చెయ్యి నడపడం, ఫలితం ఉడికాక గానీ తెలియకపోవడం, ఇదీ నేను అక్కడినుంచి తెచ్చుకున్నది. ముడి కేన్వాస్ మీద కొన్నిచోట్ల రంగులేని ఆక్రిలిక్ మీడియం పూసి ఆరనిస్తాను. ఆరాక ఎక్కడ పూశానో నాకే సరిగ్గా తెలియదు. ఆ తర్వాత నీళ్ళలా పల్చటి రంగు పోస్తే, మీడియం లేని చోట అది గుడ్డలోకి ఇంకిపోతుంది. ఉన్నచోట పైపైన నిలుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. నా కొండ అంచులు అలా వస్తాయి. కలంకారీ ఛాయలు ఏవని వెతికేవాళ్ళకి ఒక్క నెమలీ దొరకదు. పటిక పని మాత్రం ప్రతి అంచులోనూ ఉంటుంది. ఇక్కడే ఒక జాగ్రత్త: కలంకారీ కథలు చెప్పే బొమ్మలు. రామాయణ భారతాలు గుడ్డ మీద గడులు గడులుగా నడుస్తాయి. దాన్ని పట్టుకుని "మన దగ్గర అబ్‌స్ట్రాక్ట్ ఎప్పుడో ఉంది" అనే ఉపన్యాసాలు నేను నమ్మను. జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఆ కథల్ని, ఆ గీతని నిలబెట్టినందుకు. ఆయన పనికి ఇంకో పేరు తగిలించడం గౌరవం కాదు.

ఫారిన్ అన్న మాట దగ్గరికే మళ్ళీ వస్తాను. పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో కాలేజీ పెట్టింది దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) నడిపిన అనీబీసెంట్. 1919లో టాగోర్ అక్కడికొచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆ బీసెంట్, అదే సమాజంవాడైన లెడ్‌బీటర్‌తో కలిసి ఆలోచనలకి రంగూ ఆకారమూ ఉంటాయంటూ రంగుల బొమ్మలతో ఒక పుస్తకం రాసింది. దాని జర్మన్ అనువాదం చిత్రకారుడు కాండిన్స్కీ దగ్గర ఉండేది. ఇంకో చిత్రకారుడు మోండ్రియాన్ 1909లో దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. యూరప్‌లో నైరూప్య చిత్రకళకి తలుపు తీసినవాళ్ళలో ఈ ఇద్దరూ మన మద్రాసు అడయారులో ప్రధాన కేంద్రం ఉన్న సమాజం భావాలు చదువుకున్నవాళ్ళే. ఇక 1922లో కాండిన్స్కీ, పాల్ క్లే బొమ్మలు కలకత్తాలో ప్రదర్శనకి వచ్చాయి. వందేళ్ళు దాటింది. అబ్‌స్ట్రాక్ట్ మదనపల్లెలో పుట్టిందని నేననడం లేదు, అలాంటి గొప్పలు వాట్సాప్‌కి వదిలేద్దాం. ఎవరి సరుకు ఎవరిదో సరిహద్దు గీసి పంచడం కుదరదని అంటున్నాను.

అమెరికాలో డీబెన్‌కార్న్ అనే చిత్రకారుడి సంగతీ ఇంతే. 1966లో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ బొమ్మల ప్రదర్శన చూశాడు. అందులో 1914 నాటి కిటికీ బొమ్మ ఒకటి ఉంది. కిటికీ తెరిచి ఉంటుంది, బయట అంతా నలుపే. మరుసటి ఏడాది శాంటా మోనికాలో డీబెన్‌కార్న్ తన ఓషన్ పార్క్ చిత్రాలు మొదలుపెట్టాడు. సముద్రం పక్కన కూర్చుని ఆ సముద్రపు వెలుతురు వెయ్యడానికి ఆయనకి ఫ్రాన్సులో ఎవరో వేసిన నల్లటి కిటికీ కావలసి వచ్చింది. గీసి చెరిపిన గీతల్ని దాచకుండా వదిలేయడం నేను ఆయన దగ్గరే పట్టాను.

మన దేశపు నైరూప్య చిత్రకారుల్లో పేరున్న రజాని ఎందుకు చెప్పలేదని అడుగుతారు. 60లు, 70లలో వేసిన నేల బొమ్మల్లో, ఆ మంటలాంటి ఎరుపు నలుపుల్లో, ఆయన నాకు చాలా ఇష్టం. తర్వాత ఆయన బొమ్మల్లోకి బిందువు, అంటే ఆ నల్లటి గుండ్రం, వచ్చాక బొమ్మ మొదలవకముందే దాని అర్థం చెప్పేసినట్టుంటుంది, నాకు మిగిలే పని ఉండదు. ఇంకో నైరూప్య చిత్రకారుడు గైతోండే వేరే సంగతి. తనవి ఏ వస్తువునీ చూపించే బొమ్మలు కావని ఆయనే అన్నాడు, మనం బలవంతంగా వాటిలో సముద్రం చూడటం ఎందుకు?

మరి అంతా ఇంకొకరిదే అయితే కొండకి పనేమీ లేదా? ఉంది. అది నేర్పదు గానీ ఒప్పుకోదు. సెజాన్ నీలి నీడల్ని తెచ్చి మన కొండ మీద పెట్టి చూడండి, నిలవవు. మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతిలో నీడ కాళ్ళ కిందే ఉంటుంది. రాతి గోడ మొత్తం ఒకే వెలుగులో చదునైపోతుంది. రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. రామ్‌కుమార్ బూడిద రంగు జనవరి పొద్దున మంచుకి సరిపోతుంది, ఉగాది దాటాక పనికిరాదు. బయటినుంచి తెచ్చుకున్న ప్రతిదాన్నీ ఈ వెలుతురు వెనక్కి తోస్తూ ఉంటుంది. ఆ తోపులాటలో తెచ్చుకున్నది కొంత వంకర పోతుంది. నా బొమ్మలు నావి అని చెప్పుకోగలిగితే ఆ వంకరని చూపించే చెప్పుకోవాలి.

ఈమధ్య డ్రాయింగ్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్ళలో ఒకడు అడిగాడు: "సార్, వేరేవాళ్ళ బొమ్మలు చూస్తే నా స్టైల్ పోతుందంట, చూడటం మానెయ్యమంటారా?" ఎవరన్నారు నాయనా అంటే, ఏదో వీడియోలో చెప్పారట. ఫోన్లో రోజుకి వందల బొమ్మలు వేలితో పైకి తోసేస్తూనే ఈ టెన్షన్ పడుతున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. మానెయ్యొద్దు, ఇంకా చూడు, కాకపోతే అసలువి చూడు. ఒక్కదాని ముందు కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడు. రంగు ఎంత మందంగా ఉందో పక్కనుంచి చూడు, అంచు దగ్గర ఏ రంగు కింద ఏ రంగు ఉందో చూడు, ఎక్కడ దిద్దాడో వెతుకు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నావో నోట్‌బుక్కులో పేరు రాసుకో, రేపు ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి. తిరుపతి నుంచి మద్రాసు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఎగ్మూరు మ్యూజియంలో ఉండొచ్చు. బెంగళూరు నేషనల్ గ్యాలరీకైతే రాత్రి బస్సు మేలు. ఎగ్మూరుకి శుక్రవారం సెలవు, బెంగళూరుకి సోమవారం. చూసుకుని బయల్దేరు.